సీటు మీది మాస్కు

ధర్మవరం,
12 అక్టోబరు 2025, ఆదివారం.

అన్న అన్వర్‌కు,

చెల్లెలు పర్వీన్ సలాములు. ఇక్కడ నేను, మీ బావ, పిల్లలు దేవుడి దయవల్ల బాగున్నాము. అమరాపురంలో నువ్వు, కౌసర్ వదిన, పిల్లలు కూడా అట్లే ఉన్నారని తలుస్తాను. ఉత్తరంలో ముందు క్షేమం రాయాల, ఆ తర్వాతే కోపం రాయాల అని మన నాయన చెప్పేవాడు కదా. క్షేమం అయిపోయింది, ఇక రెండోదానికి వస్తాను.

నీ వాయిస్ మెసేజీ విన్నాను. హిందూపురంలో గోవిందప్ప తన గది మళ్ళీ నీకు బాడుగకు ఇస్తానన్నాడని, అయితే బాడుగ దుడ్లు తర్వాత సంగతి, ముందు ఆ మాస్కుల మాట తేల్చుకోప్పా అన్నాడని చెప్పావు. గదికి ఎదురింట్లోనే సంగీత కాపురం ఉందని, ఆమె అభ్యంతరం చెబితే ఆ వీధిలో నీ దగ్గరికి ఒక్క జాకెట్టు కూడా రాదని చెప్పావు. వచ్చే శుక్రవారం నేను వచ్చి, వాళ్ళిద్దరి ముందర నిలబడి, ఆ రోజు బస్సులో సంగీత వాళ్ళమ్మ పెట్టుకున్నది నువ్వు అమ్మిన మాస్కు కాదు, ఎవరిదో మాస్కు అని చెబితే చాలన్నావు. రాలేకపోతే అదే మాట వాయిస్‌లో పెట్టమన్నావు.

వాయిస్ పెట్టను. పెడితే సాయంత్రానికి అది మన చుట్టాల గ్రూపులో ఉంటుంది, మరుసటి పొద్దుటికి హిందూపురం అంతా వింటుంది. అందుకే పిల్లలను బయటికి తరిమి, కట్టాల్సిన చీరకుచ్చులు పక్కన పడేసి, ఇది రాస్తున్నాను. దీన్ని ఫోటో తీసి ఎవరికైనా పంపావో, నీకూ నాకూ మాటలుండవు.

మొదట నీ సంగతే తేల్చుకుందాం. కరోనా ఉన్న ఆ రెండేళ్ళు హిందూపురంలో నీ చేతి మాస్కు లేని ఇల్లు లేదు. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు లేక మిషను ఖాళీగా ఉంటే, ఊరందరి మూతులకూ గుడ్డ కుట్టావు. నీ మూతికి మాత్రం ఒక్కటీ కట్టుకోలేదు. అడిగితే గాలాడదన్నావు. పైగా కత్తెర పక్కనే పెట్టుకుని దారాన్ని పంటితో కొరికి తెంపడం నీకు పుట్టుకతో వచ్చిన అలవాటు. జాకెట్టు కుట్టేటప్పుడు అది ఎవరికీ పట్టలేదు. కానీ ఊరోళ్ళ నోటికి తగిలే గుడ్డను దర్జీ తన నోట్లో పెట్టుకుని దారం కొరుకుతుంటే చూసేవాళ్ళకు ఎట్లా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా? నాకే వాంతికొచ్చినంత పనయ్యేది, నేను నీ సొంత చెల్లెల్ని.

అది చాలదన్నట్టు తడిపే సంగతి ఒకటి. లైనింగు గుడ్డను ముందు నీళ్ళలో తడిపి, ఆరేసి, అది ముడుచుకునేదంతా ముడుచుకున్నాకే కత్తిరించాలి. నాయన నీకు మొట్టమొదట నేర్పిన పని అదే. గిరాకీ మీద పడేసరికి నువ్వు దాన్ని తిరగేశావు. ముందు కుట్టేసి, తర్వాత తడిపి, కొట్టు ముందు తీగ కట్టి వరసగా మాస్కులు ఆరేశావు. నీళ్ళు కారుతున్న మాస్కులు చూసి దారిన పోయేవాళ్ళు ఏమనుకుంటారు? జనం పారేసినవి ఏరుకొచ్చి, ఉతికి, మళ్ళీ అమ్ముతున్నాడనుకున్నారు. మన పేర్లు చూసి దానికి ఇంకో మాట కూడా తగిలించారు. ఆ మాట రాసి కాగితం పాడుచెయ్యను.

నువ్వు ఒక్క పాత మాస్కు కూడా అమ్మలేదని నాకు తెలుసు. ఆ మాట శుక్రవారం వచ్చి గోవిందప్ప ముందర చెబుతాను, కావాలంటే నడివీధిలో నిలబడి చెబుతాను. ఎవరిదో మాస్కు అనే రెండో మాట మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో అడుగుతావు. అందుకని ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచి రాస్తాను, నీకు తెలిసినదే అయినా ఓపికగా చదువు.

అందరికీ ఆ రోజులు భయంగా గుర్తున్నాయి. నాకు రోతగా గుర్తున్నాయి. అది రెండో ఏడు, జబ్బు మళ్ళీ తిరగబెట్టిన మే నెల. పగలు పన్నెండు దాటితే కర్ఫ్యూ. అట్లాంటప్పుడు సంగీత పెళ్ళికి ధర్మవరం పట్టుచీరలే కావాలని హనుమంతమ్మత్త కూతుర్ని వెంటబెట్టుకుని పొద్దున్నే మా ఇంటికి దిగింది. హిందూపురంలో దొరికే చీరలు కట్టుకుంటే తాళి కట్టించుకోరేమో మరి! మన గోడకు గోడ ఇల్లు, నన్నూ సంగీతనూ ఒకే చాప మీద పడుకోబెట్టి పెంచిన మనిషి, కాదనలేకపోయాను. నేనెట్లాగూ రంజాన్ పండగకు అమ్మ దగ్గరికి రావాల్సిందే కాబట్టి, చీరలు కొనిచ్చి వాళ్ళతోపాటే హిందూపురం వద్దామనుకున్నాను. నాకు ఒక్కపొద్దు. గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా ఉన్న కడుపుతో ఆ రోజంతా చూసినవి ఇప్పటికీ కళ్ళముందునుంచి పోవు.

చీరల కొట్లో ఓనరు మాస్కును గడ్డం కిందికి లాక్కుని బేరం చేశాడు. బేరం కుదిరాక కవరు విడిపోకపోతే దాంట్లోకి నోటితో గాలి ఊది, ఆ ఊదిన కవర్లోనే పెళ్ళికూతురి చీర పెట్టి ఇచ్చాడు. పక్కన ఒక పెద్దమనిషి అంతసేపూ మాస్కు బుద్ధిగా పెట్టుకుని, తుమ్ము వచ్చేసరికి దాన్ని కిందికి లాగి, పరిచిన చీరల మీద తుమ్మి, మళ్ళీ పైకి లాక్కున్నాడు. తుమ్మితే మాస్కు పాడైపోతుందట. ఛీ! నేను లేచి నిలబడితే, ఏమ్మా ఇంకో చీర చూడకుండానే పోతాండావా అని ఓనరు నన్నే అడిగాడు.

సంగీత మాత్రం ఆ రోజు చక్కగా తయారై వచ్చింది. నిశ్చితార్థం చీరకు నువ్వు జాకెట్టు కుట్టి, మిగిలిన వంగపండు రంగు పట్టుముక్కతో జరీ అంచు వచ్చేట్టు మాస్కు కుట్టిచ్చావే, అదే పెట్టుకుంది. కొట్లో ఆడవాళ్ళంతా యాడ కుట్టించినావమ్మా అని అడిగారు. అన్వరన్న కుట్టినాడని అందరికీ గొప్పగా చెప్పింది. అన్నా, నీ పేరును అంత గొప్పగా చెప్పిన నోరు కూడా ఆ నోరే, అది మరిచిపోవద్దు. హనుమంతమ్మత్త మాత్రం ముందురోజు నీ కొట్లో కొన్న మామూలు తెల్లది పెట్టుకుంది.

పెనుకొండలో బస్సు మారాలి. బస్టాండు బయట యల్లక్క కొట్లో వాళ్ళిద్దరూ టీ తాగారు. సంగీత ఒక గుక్క తాగి, ఏమక్కా చక్కెర వేసేది మరిచిపోతివా అని అడిగింది. యల్లక్క ఇంకో చెంచా వేసి ఇచ్చింది. అయినా చప్పగానే ఉండాదంది. ఇంత కరోనాలో నేను కొట్టు తెరిచేదే ఎక్కువ, పైగా నా టీకి వంక పెడతాండావా అని యల్లక్క గొంతు పెంచింది. హనుమంతమ్మత్త అదే గ్లాసు తీసుకుని తాగి, ఇంత తియ్యగా ఉంటే చప్పగ ఉండాదంటావేమే, పెండ్లి కుదిరినప్పటినుంచి నీకు నోటికేదీ రుచించదు అని కూతుర్నే కసిరింది. ఒక్కపొద్దు కాబట్టి నేను తాగలేదు.

అంతలో రాజశేఖర్ బండి మీద వచ్చాడు. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, కాబోయే పెళ్ళాం పెనుకొండలో ఉందని తెలిసి వచ్చినట్టున్నాడు. సంగీతను నేను బండి మీద హిందూపురంలో దింపుతానన్నాడు. పెండ్లి కాకముందే బండెక్కి ఊరేగేదేందని హనుమంతమ్మత్త కొంచెం గొణిగింది. కానీ పదకొండు అయిపోతోంది, వచ్చేది కర్ఫ్యూకు ముందు ఆఖరి బస్సు, చేతుల్లో చీరల సంచులు. సరే, బస్సు వచ్చినాక పొమ్మంది.

బస్సు వచ్చింది చూడు, అప్పుడు మొదలైంది అసలు అసహ్యం. మనవాళ్ళు బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పడతారు కదా. ఆ రోజు తువ్వాళ్ళతోపాటు మాస్కులు వేశారు. నోటి దగ్గర తడిసిన మాస్కులను మూతినుంచి లాగి, ఒకడి తర్వాత ఒకడు, కిటికీల్లోంచి సీట్ల మీదికి విసిరారు. సీటు పట్టినాక తలుపు దగ్గర కండక్టరు మాస్కేదప్పా అంటే, లోపల ఉండాది, సీటు మీద ఉండాది అని జవాబు. ముందెక్కినవాడు తన మాస్కును కిటికీలోంచి కింద ఉన్న వాళ్ళన్నకిచ్చాడు. అన్న అదే పెట్టుకుని ఎక్కి, తన పెళ్ళానికిచ్చాడు. ఒక మాస్కు మీద కుటుంబం కుటుంబం బస్సెక్కింది. ఇది నేను కళ్ళారా చూశాను. గుట్కా నములుతున్న ఒకడైతే మాస్కు తీసి ఉమ్మి, దాంతోనే మూతి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ తోపులాటలో హనుమంతమ్మత్త మాస్కు తాడు తెగింది. అన్నా, ఇది మాత్రం నీ తప్పే. ఆ వారం నువ్వు కొన్న ఎలాస్టిక్ నాసిది, నేను అప్పుడే చెప్పాను. మాస్కు కిందపడి పదిమంది కాళ్ళ కింద నలిగింది. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నాతోపాటు ఎక్కింది. ముందునుంచి మూడో వరసలో కిటికీ పక్క సీటు దొరికింది. దాని మీద సీటు పట్టడానికి వేసిన మాస్కు ఒకటి పడి ఉంది. వేసిన మనిషి బస్సెక్కలేదు. మేము కూర్చున్నాము.

బస్సు కదిలాక కండక్టరు టికెట్లకు వచ్చి, కొంగు చాలదమ్మా, సోమందేపల్లిలో చెకింగు ఉండాది, మాస్కు లేకుంటే ఈడనే దిగు, నా ఉద్యోగం పోతాది అన్నాడు. నా సంచిలో ఇంకోటి లేదు. హనుమంతమ్మత్త ఒళ్ళో ఉన్న ఆ సీటు మీది మాస్కును చూసింది. నేను చెయ్యి పట్టుకున్నాను. వద్దత్తా, నాది నువ్వు పెట్టుకో, నేను చున్నీ కట్టుకుని దిగమంటే దిగుతాను అన్నాను. ఒక్కపొద్దులో ఎండకు యాడ దిగుతావు, గమ్మునుండు అని నా చెయ్యి తోసేసి, దాన్ని పెట్టుకుంది. హిందూపురం వచ్చేదాకా తియ్యలేదు. దిగగానే నేనే దాన్ని రెండు వేళ్ళతో లాగి బస్టాండు పక్క కాలువలో పారేశాను.

ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. పండగ లోపలే జ్వరం, తర్వాత ఆస్పత్రి, తర్వాత ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు. సంగీత వీధిలో నిలబడి, అన్వర్ మాస్కు పెట్టుకుని పోయినరోజే మా అమ్మకు అంటుకుంది, వాడినవి ఉతికి అమ్మి మా అమ్మను తినేసినాడు అని ఏడ్చింది. నీ చేత కుట్టించుకున్నవాళ్ళంతా ఆ మాస్కులు తెచ్చి నీ కొట్టు ముందు పోశారు. కొందరు వాటి మీద ఉమ్మి పోయారు. జబ్బు ఉమ్మితో అంటుతుందని అంతా నేర్చుకున్నాక చేసిన పని అది! నువ్వు మిషను ఎత్తుకుని వదిన పుట్టింటికి, అమరాపురం వెళ్ళిపోయావు. నాలుగేళ్ళుగా ఆ ఊళ్ళో ప్యాంట్లకు అంచులు మడిచి కుడుతున్నావు. నీ చేతి పని నాకు తెలుసు కాబట్టి నాకు కడుపు మండుతుంది.

పోయిన నెల ధర్మవరం బస్టాండులో సంగీతను చూశాను. చంకలో కూతురు ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఆ పిల్ల అరటిపండు కొరికి, నమిలి, వద్దని తల్లి అరచేతిలోకి ఉమ్మేసింది. సంగీత అటూ ఇటూ చూసి, పారేసే చోటు కనబడక, ఆ ముద్దను తన నోట్లో వేసుకుంది. బస్సెక్కకుండా కాసేపు బెంచీ మీద కూలబడ్డాను.

అందుకని అన్నా, నా మాట విను. శుక్రవారం తప్పకుండా వస్తాను. నువ్వు పాతవి అమ్మలేదని, కొత్త మాస్కులను తడిపి ఆరేశావని, హనుమంతమ్మత్తకు నువ్వు అమ్మింది పెనుకొండలోనే తెగి కిందపడిందని చెబుతాను. తర్వాత ఏం పెట్టుకుందని వాళ్ళు అడగకముందే గోవిందప్పను టీకి లేపి తీసుకుపో. ఎవరిదో మాస్కు అనే మాట మాత్రం నా నోటినుంచి రాదు. అంతదాకా తెచ్చుకోవద్దు. గది పోతే ఇంకో వీధిలో ఇంకో గది దొరుకుతుంది.

వదినకు సలాములు చెప్పు. పిల్లలకు నా ముద్దులు. కొత్త కొట్టు తెరిచినాక కత్తెరకు తాడు కట్టి మెళ్ళో వేసుకో, దారం మాత్రం పంటితో కొరకవద్దు.

నీ చెల్లెలు,
పర్వీన్.

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, మళ్ళీ తీశాను. ఇంతదాకా చదివి నువ్వు ఊరుకోవని తెలుసు. ఎవరిదో అని చెప్పడానికి నీకేం నొప్పి, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద పోతుంది కదా అంటావు. మాట పడినవాడివి నువ్వు, నీకు తెలియకుండా దాచే హక్కు నాకు లేదు.

నేను ఎవరిదో అని చెప్పగానే సంగీత ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఏ రంగు మాస్కు అని. అది వంగపండు రంగు పట్టుది అన్నా. జరీ అంచుది. నువ్వు కుట్టిందే. రెండు చేతుల్లో చీరల సంచులు, వాళ్ళమ్మకు కిటికీ పక్క సీటు పట్టాలని, వేసేదానికి ఇంకేమీ లేక మూతికున్నది లాగి సంగీతే వేసింది. వేసి, చున్నీ కట్టుకుని రాజశేఖర్ బండెక్కి పోయింది. అది బస్సులోనే ఎక్కడో పోయిందని ఇప్పటికీ అనుకుంటోంది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో చేరాక ఇంట్లో అందరికీ పరీక్ష చేస్తే ఆమెకూ ఉందని తేలింది. జ్వరం లేదు, దగ్గు లేదు, నోటికి రుచి మాత్రం లేదు. తల్లినుంచి కూతురికి అంటిందనే అందరూ రాసుకున్నారు. యల్లక్క టీ సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తు రాలేదు. ఆ బస్సులో ఎంతమంది ఊపిరి ఉందో, ఎవరిది ఎవరికి అంటిందో నేను చెప్పలేను. కానీ సంగీత చెప్పుకుంటుంది. ఆ రంగు విన్న క్షణంనుంచి బతికినన్నాళ్ళూ చెప్పుకుంటుంది.

నేను చెయ్యి పట్టుకుని ఆపినప్పుడు హనుమంతమ్మత్త ఏమందో పైన రాయలేదు. మా పాపదే కదమ్మా, బిడ్డ ఎంగిలి తల్లికి ఎంగిలేంది అని నవ్వింది. ఆస్పత్రినుంచి నాతో ఒక్కసారి ఫోనులో మాట్లాడింది. ఊపిరి అందడం లేదు. పండక్కి సేమ్యా చేసుకున్నారా అని అడగలేదు, నా బాగు అడగలేదు. ఆ మాస్కు పారేసినావు కదా అని అడిగింది. పారేశానత్తా అన్నాను. మా పాప దగ్గర దాని మాట ఎత్తొద్దు అంది. సరే అన్నాను.

ఇప్పుడు నీకూ తెలిసింది. శుక్రవారం వస్తాను. సంగీత తన బిడ్డను ఎత్తుకుని ఎదురుగా నిలబడి ఏ రంగు అని అడిగితే, ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు.